నిజాం రాజ్యంలో క్లోరోఫారం తగాదా

1889 చివరి నెలల్లో హైదరాబాద్‌లో వందలాది కుక్కలకూ కోతులకూ క్లోరోఫారం పట్టి చూశారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లిచ్చి, ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రతినిధిగా లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించింది. తేలవలసింది ఒకటే: క్లోరోఫారంతో ప్రాణం పోయేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఊపిరేనని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మొదటి నుంచీ వాదించాడు. ఈ తగాదా తేల్చడానికి 1888లో వేసిన తొలి కమిషన్ ఆ మాటే చెప్పింది. 1889 నాటి రెండో కమిషన్‌లో బ్రంటన్ కూడా దానికే ఒప్పుకున్నాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, ఎవరికైనా నిర్భయంగా మత్తు ఇవ్వవచ్చని తీర్పు వెలువడింది. ఈ తీర్పు తప్పని తర్వాతివాళ్లు చూపారు. అయితే తప్పు ప్రశ్నలోనే మొదలైందని నేననుకుంటున్నాను. ముందు అడగవలసింది రోగి పీల్చే 100 పాళ్ల గాలిలో క్లోరోఫారం ఎన్ని పాళ్లని.

ఆ ప్రశ్నను లండన్‌లో వైద్యుడు జాన్ స్నో నలభై ఏళ్ల ముందే వేశాడు. 1848 జనవరిలో 15 ఏళ్ల హన్నా గ్రీనర్ కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫారంతో చనిపోయింది. గుడ్డ మీద చల్లిన మందు చాలినంత గాలిలో కలవకపోతే ఇలాంటి చావులు తప్పవని స్నో లెక్కలు కట్టాడు. ఆవిరి 5 శాతం దాటకూడదన్నాడు. 1862లో మత్తు వైద్యుడు జోసెఫ్ క్లోవర్ ఆ పలుచని మిశ్రమాన్ని ముందే కొలిచి పెద్ద సంచిలో నింపి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎండ కూడా ఈ లెక్కను మారుస్తుంది. 20 డిగ్రీల వేడిలో క్లోరోఫారంతో పూర్తిగా నిండిన గాలిలో దాని ఆవిరి అయిదో వంతు ఉంటుంది, 30 డిగ్రీల దగ్గర ఇంచుమించు మూడో వంతుకు చేరుతుంది. దక్కన్ వేసవిలో ఈ కొలత లండన్‌లోకన్నా ఎంతో అవసరం.

లారీ వేలమందికి క్షేమంగా మత్తు ఇచ్చాడు కదా అనవచ్చు. నిజమే. కానీ అతడు వాడింది తెరిచి ఉన్న శంకు, అందులోంచి గాలి ధారాళంగా వచ్చేది. రోగిని కాపాడింది చాలావరకు ఆ పలుచనేననీ, దాన్ని ఎవరూ కొలవలేదనీ నా అభిప్రాయం. కొలవని మంచి మరొకరి చేతికి అందదు. హైదరాబాద్ ప్రయోగాల్లో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు, అక్కడ నేర్చిన ఓపికను మాత్రం తక్కువ చేయలేం.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ 1911లో వచ్చింది. తేలికపాటి మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె అదిరి ఆగిపోతుందని వైద్యుడు గుడ్‌మన్ లెవీ చూపాడు. అంటే పలుచన చేసినంత మాత్రాన రక్షణ రాదు. ఈ మాట స్నో వాదాన్ని సవరిస్తుంది, కొట్టివేయదు. మత్తును తెంపి మళ్లీ మొదలుపెట్టడమూ ప్రమాదమని లెవీయే చెప్పాడు. ఎడతెగని సమపాళం కొలత లేనిదే సాధ్యం కాదు.

ఇప్పుడు ఖతార్‌లోని అల్ ఘర్రాఫాలో ఉంటున్న తెలుగువారికైనా, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ వాసికైనా ఆపరేషన్ జరిగితే మత్తు యంత్రం మీటను గమనించండి. దాని మీద అంకెలు శాతాల్లోనే ఉంటాయి. క్లోరోఫారాన్ని మాత్రం ఆపరేషన్లలో వాడటం ఎప్పుడో మానేశారు.