కంచె చరిత్రను పశువు వైపు నుంచి చూస్తే

కంచె చరిత్రంటే భూమి ఎవరిదైందన్న కథే మనకు ఎక్కువగా చెప్పారు. కంచెకు ఆనుకుని బతికిన పశువుకు ఏమైందన్నది నాకు అంతకంటే పెద్ద ప్రశ్న.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున భూమి పొందిన అమెరికా మైదానాల రైతులకు కంచె వేసుకోవడానికి కలప లేదు, రాయి లేదు. ఓసేజ్ ఆరెంజ్ అనే ముళ్లచెట్లు నాటితే అవి గుబురుగా ఎదగడానికి ఏళ్లు పట్టేది. 1874లో ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ రెండు తీగలను మెలిపెట్టి, మధ్యలో ముల్లు జారకుండా బిగించే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆ ముళ్లతీగ మీద ఎంత గొడవ రేగిందంటే, పదేళ్లు తిరిగేసరికి టెక్సాస్‌లో కంచెలు తెంచడాన్ని నేరం చేస్తూ చట్టమే తేవాల్సి వచ్చింది.

ఆ తరువాతి ఘట్టం ఇంకా దారుణం. ఉత్తరాది మందలు తమ మేత మీద పడకుండా టెక్సాస్ ఉత్తర కొసనున్న పాన్‌హ్యాండిల్ భూస్వాములు తూర్పు పడమరలుగా మైళ్ల తరబడి ముళ్లతీగ లాగారు. మంచుతుఫాను వస్తే పశువు గాలికి వీపు పెట్టి దక్షిణానికి నడుస్తుంది. అది దాని స్వభావం. 1886 జనవరిలో అలా నడిచివచ్చిన మందలు తీగ దగ్గర ఆగిపోయాయి. వెనకవి ముందువాటి మీద పడ్డాయి. ఆకలితో, చలితో కంచె పొడవునా కుప్పలుగా చచ్చాయి. పశువు నడకను లెక్కలోకి తీసుకోకుండా కంచె వేయడమంటే ఇదే.

మన పల్లెల్లో అప్పటికి లెక్క వేరు. పశువు వెంట కాపరి ఉండేవాడు, ముళ్లకంప చేను చుట్టూ ఉండేది. కాపరి కన్నుగప్పి చేలో పడ్డ గొడ్డు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం బందెలదొడ్డికి పోయేది, ఒళ్లు చీరుకుని కాదు.

ముల్లు లేకుండా ఆపవచ్చని గట్టిగా నిరూపించింది న్యూజిలాండ్. 1930ల్లో బిల్ గల్లగర్ విద్యుత్ కంచె తయారుచేశాడు. ఇందులో కరెంటు ఎడతెగక పారదు. సెకనుకో, కాస్త ఎక్కువకో ఒక్క తృటి దెబ్బ; తగిలిన పశువు వెనక్కి తగ్గడానికి వ్యవధి ఉంటుంది. ఆ దెబ్బ పశువు ఒంటి గుండా నేలలోకి దిగి, ఎర్తింగ్ కడ్డీల ద్వారా దాన్ని పుట్టించే మిషన్‌కు చేరాలి. అందుకే ఎండకు నేల బీటలిచ్చే చోట కడ్డీలు పెంచాలి, లేదా ఎర్తింగ్‌కు ఇంకో తీగ లాగాలి. గొర్రె ఉన్నికి షాక్ అందదు. తీగ దాని ముక్కు ఎత్తున ఉండాలి. బెదిరి పరుగెత్తే గుర్రానికి సన్న తీగ కనబడదు, వెడల్పాటి తెల్ల పట్టీ కావాలి. ముళ్లతీగకు మాత్రం ఎన్నడూ కరెంటు ఇవ్వకూడదు: చిక్కుకున్న జీవి దెబ్బ మీద దెబ్బ తింటూనే ఉంటుంది.

ఇప్పుడు మన పొలాల్లో సోలార్ కంచెలు కనిపిస్తున్నాయి, సంతోషమే. అడవిపందుల కోసమని ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం మాత్రం హత్యతో సమానం. 230 వోల్టులు ఆగకుండా పారితే కండరాలు బిగిసి పట్టు వదలదు. పశువు పోతుంది, మనిషీ పోతాడు. సరైన మిషన్ పెట్టినవాళ్లు కూడా తీగకు తగిలే గడ్డి కోయాలి, పగిలిన ఇన్సులేటర్ మార్చాలి, మూల కడీల ఊతలు బిగించాలి, వోల్టేజీని మిషన్ దగ్గర కాక తీగ చివరన కొలవాలి.