ఆ లైను ఎటు పోయింది?

పారిస్ మెట్రోలో అయిదో నంబరు లైను పట్టుకుని ఈశాన్యం వైపు చివరిదాకా వెళ్తే బోబిన్యీ వస్తుంది. సీన్-సాన్-దెనీ జిల్లా ప్రెఫెక్చర్ ఉన్న ఊరది. ప్రెఫెక్చర్ అంటే దాదాపు మన కలెక్టరేట్ అనుకోండి. ఆ జిల్లాలో ఉండే పరాయిదేశస్థుల్లో చాలామంది నివాసపు కార్డు (కార్త్ ద సెజూర్) తీసుకోవాలన్నా, పొడిగించుకోవాలన్నా అక్కడికి పోవాల్సివచ్చేది. పదిహేను ఇరవై ఏళ్ళ కిందట ఆ ఆఫీసు ముందు లైను అర్ధరాత్రే మొదలయ్యేది. దుప్పట్లు, ఫ్లాస్కులో కాఫీ, చంకలో పిల్లలు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. పొద్దున తలుపులు తీసి ఇన్ని టోకెన్లని ఇచ్చేవాళ్ళు. అవి అయిపోతే మర్నాటి రాత్రి మళ్ళీ రావాలి. లైనులో ముందుగా చోటు పట్టి, తెల్లవారుజామున అమ్ముకునేవాళ్ళు కూడా తయారయ్యారు.

2010ల్లో ఆ లైను కరిగిపోయింది. ప్రెఫెక్చర్లు ఒకదాని వెంట ఒకటి అపాయింట్‌మెంట్లను ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఇక చలిలో నిలబడక్కర్లేదు, ఇంట్లో కూర్చుని తేదీ ఎంచుకోవచ్చు అన్నారు. అబద్ధమేం కాదు, తేదీ దొరికిన వాళ్ళకి. కానీ ఆ వందలమంది ఎటు పోయారు? వాళ్ళ అవసరం తీరిపోలేదు, ఆఫీసులో గుమస్తాలు పెరగలేదు. మరి లైను ఏమైనట్టు?

దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి, అసలు ఈ కార్డూ కిటికీ ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు తాను పాస్‌పోర్టన్నదే లేకుండా ఇండియాకీ అమెరికాకీ వెళ్ళొచ్చానని స్టెఫాన్ జ్వైగ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ సంగతి చెప్తే తరవాతి తరం పిల్లలు నోరెళ్ళబెట్టేవాళ్ళట. జ్వైగ్ డబ్బున్నవాడు, తెల్లవాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌కి కూలికి వచ్చిన ఇటాలియన్లకీ బెల్జియన్లకీ అంత తేలిగ్గా ఏమీ లేదు. 1888లో వచ్చిన డిక్రీ ప్రకారం పరాయిదేశస్థుడు తానుంటున్న ఊరి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి తన వివరాలు రాయించుకోవాలి. 1893 చట్టం దాన్ని పనిచేసుకుని బతికేవాళ్ళ మీద ఇంకాస్త బిగించింది. అయినా అదంతా రిజిస్టరులో పేరెక్కించుకోవడమే. వచ్చాను అని చెప్పాలి, అంతే. ఉండొచ్చా అని అడగనక్కర్లేదు.

ఆ అడగడం 1917 ఏప్రిల్‌లో మొదలైంది. యుద్ధం మధ్యలో, గూఢచారుల భయంలో, పదిహేనేళ్ళు దాటిన ప్రతి పరాయివాడికీ ఫొటో అంటించిన గుర్తింపు కార్డు ఉండాలన్నారు. సొంత పౌరులకి అప్పటికి అలాంటి తప్పనిసరి కార్డేదీ లేదు. యుద్ధం అయిపోయింది, కార్డు మాత్రం ఉండిపోయింది. అత్యవసరం పేరుతో వచ్చినవి అంత తేలిగ్గా పోవని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదనుకోండి. కార్డుకి గడువుంటుంది. గడువుంటే పొడిగింపు, పొడిగింపుంటే కిటికీ, కిటికీ ఉంటే దాని ముందు లైను. కార్డు వచ్చేలోపు చేతిలో పెట్టే చిన్న రసీదు ముక్కని ‘రెసెపీసే’ అంటారు. ఆ ముక్క చేతిలో ఉంటే మనిషి చట్టబద్ధం, దాని తేదీ దాటితే కాదు. 1938 మే నెలలో దలాదియే ప్రభుత్వం తెచ్చిన డిక్రీతో కాగితం లేకుండా ఉండటం జైలుకి పంపించే నేరమైంది.

రెండేళ్ళు దాటగానే ఈ కాగితాల యంత్రం ఏం చేయగలదో మార్సెయ్ ఊరు చూసింది. 1940 జూన్‌లో ఫ్రాన్స్ ఓడిపోయాక, జర్మన్లు అడిగిన శరణార్థుల్ని అప్పగిస్తామని యుద్ధవిరమణ ఒప్పందంలో రాసిచ్చారు. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళంతా ఆ రేవు పట్టణంలో పోగయ్యారు. ఓడ ఎక్కాలంటే ముందు చేరే దేశం వీసా ఉండాలి. దారిలో తగిలే స్పెయిన్, పోర్చుగల్‌ల ట్రాన్సిట్ వీసాలు వేరు. ఓడ టికెట్ వేరు. వీటన్నిటిపైన ఫ్రాన్స్ విడిచివెళ్ళడానికి ఫ్రాన్స్ ఇచ్చే అనుమతి వేరు. ఒకటి దొరికేలోపు ఇంకొకటి గడువు తీరిపోయేది. మళ్ళీ మొదటి కాన్సులేట్ ముందు మొదటి లైనులోకి. వేరియన్ ఫ్రై అనే అమెరికన్, మెక్సికో కాన్సుల్ హిల్బెర్తో బోస్కెస్ లాంటి కొద్దిమంది ఈ ముడుల్ని విప్పడానికి రాత్రింబవళ్ళు తంటాలు పడ్డారు. ఫ్రై దొంగ కాగితాలు కూడా చేయించాల్సివచ్చింది. వాల్టర్ బెన్యమిన్‌కి అమెరికా వీసా దొరికింది, ట్రాన్సిట్లు దొరికాయి, ఫ్రాన్స్ విడిచే అనుమతి ఒక్కటే దొరకలేదు. కొండ దాటి స్పెయిన్‌లోని పోర్ట్‌బో చేరితే, ఆ కాగితం లేని దేశరహితుల్ని రానివ్వమన్నారు. 1940 సెప్టెంబర్ 26 రాత్రి ప్రాణం తీసుకున్నాడు. అతనితో వచ్చిన మిగతావాళ్ళని తరవాత వెళ్ళనిచ్చారు.

ఆ మార్సెయ్‌ని నవలగా రాసినావిడ అనా సేగర్స్. 1941 మార్చిలో క్లోద్ లెవీ-స్ట్రాస్, ఆంద్రే బ్రెతోన్ ఎక్కిన ఓడలోనే ఆవిడా పిల్లలతో, భర్తతో బయటపడింది. 1944లో ముందు అనువాదాలుగా అచ్చయిన ‘ట్రాన్సిట్’ని చాలామంది శరణార్థి విషాదంగా చదువుతారు. నాకు మాత్రం అది ఆఫీసుల గురించి వచ్చిన గొప్ప నవలల్లో ఒకటి. అందులో మెలిక చూడండి: మార్సెయ్‌లో ఉండనివ్వాలంటే, నువ్వు మార్సెయ్ విడిచిపోవడానికి ప్రయత్నిస్తున్నావని రుజువు చూపించాలి. 2018లో క్రిస్టియన్ పెట్‌జోల్డ్ దాన్ని సినిమా తీస్తూ పాత కార్లూ పాత కోట్లూ పెట్టలేదు, కథని నేటి మార్సెయ్ వీధుల్లో నడిపించాడు. చూస్తుంటే ఎక్కడా అతుకు కనబడదు. అయితే ఒక జాగ్రత్త. ఆనాడు లైనులో ఓడిపోతే క్యాంపు, చావు. ఈనాడు ఓడిపోతే ఉద్యోగం, ఇల్లు, మనశ్శాంతి. రెండూ ఒకటి కావు. కలిసేది ఒక్కచోటే: గడువు దరఖాస్తుదారుడికే ఉంటుంది, ఆఫీసుకి ఉండదు.

ఇక్కడ మన యానాం మాట కూడా చెప్పుకోవాలి. 1954 నవంబర్ 1న పాండిచ్చేరితోపాటు యానాం పాలన భారతదేశం చేతికొచ్చింది. ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చింది మాత్రం 1962 ఆగస్టు 16న. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు ఆ రోజునుంచి భారతీయులు. కాదూ, ఫ్రెంచివాళ్ళుగానే ఉంటామంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవాలి. అలా రాసిచ్చిన తాత మనవడు ఇవాళ ఫ్రాన్స్‌లో దిగితే ప్రెఫెక్చర్‌లో పరాయివాళ్ళ కిటికీ ఎక్కడుందో కూడా తెలుసుకోనక్కర్లేదు. ఎందుకొచ్చిన గొడవలే అనుకుని ఊరుకున్న పక్కింటి తాత మనవడు ఇంజనీరింగ్ చదివి తులూజ్‌లో ఉద్యోగానికి వెళ్తే, గడువు తీరినప్పుడల్లా కార్డు పొడిగించుకోవాలి. గోదావరి ఒడ్డున ఒకే వీధి, ఒకే తెలుగు, మధ్యలో ఆరు నెలల గడువు.

అసలు లైను ఎంత పొడుగుండాలో నిర్ణయించేది వచ్చేవాళ్ళ సంఖ్య ఒక్కటే కాదు. కార్డు ఎన్నేళ్ళకి ఇస్తున్నారన్నది కూడా. దీనికి చక్కని రుజువు 1984. అంతకుముందు ఏడాది వలసదారుల పిల్లలు మార్సెయ్ నుంచి పారిస్ దాకా సమానత్వం కోసం నడిచారు. దాని ఊపులో 1984 జులై 17న పదేళ్ళ కార్డు చట్టమైంది. గడువు తీరగానే దానంతటదే పొడిగింపు, నివాసానికీ పనికీ కలిపి ఒకటే కాగితం. పార్లమెంటులో ఒక్క వోటూ వ్యతిరేకంగా పడలేదంటే ఇవాళ ఎవరూ నమ్మరు. పదేళ్ళ కార్డున్నవాడు దశాబ్దానికి ఒకసారి కిటికీ దగ్గరికి వస్తాడు. ఏడాది కార్డున్నవాడు పదిసార్లు వస్తాడు, మధ్యలో రెసెపీసేల కోసం వచ్చేవి అదనం. 1990ల నుంచీ, ముఖ్యంగా 2003, 2006 చట్టాల తరవాత, పదేళ్ళ కార్డు దొరికే దారులు ఇరుకయ్యాయి, ఏడాది కార్డులు పెరిగాయి. బోబిన్యీ గోడ పక్కన ఆ దుప్పట్లు అలా వచ్చాయి. జనం ఎక్కువై కాదు, అదే జనాన్ని మళ్ళీ మళ్ళీ పిలిచి. 2016లో రెండేళ్ళు, నాలుగేళ్ళ కార్డులు తెచ్చి ఈ రద్దీని కొంత తగ్గించాలని చూశారు. అప్పటికే క్యాలెండర్లు తెర మీదకొచ్చేశాయి.

ఆ క్యాలెండర్‌ని చూసినవాళ్ళకి తెలుసు. నెలకి నెల బూడిదరంగు. ఖాళీ లేదు, తరవాత మళ్ళీ ప్రయత్నించండి అని ఒక వాక్యం. మన పంచాంగంలో మూఢం వస్తే పెళ్ళి ముహూర్తాలుండవు. అయినా మూఢం ఎప్పుడు వెళ్తుందో పంచాంగంలోనే ఉంటుంది. ఇక్కడ ఏడాది పొడుగునా మూఢమే, ఎప్పుడు వెళ్తుందో చెప్పే సిద్ధాంతి లేడు. ఆదివారం అర్ధరాత్రి కొత్త తేదీలు వదుల్తారట, కాదు సోమవారం పొద్దున ఎనిమిదికట అని ఒకరికొకరు చెప్పుకుంటూ అలారాలు పెట్టుకుంటారు. కార్డు తీరడానికి నాలుగు నెలల ముందునుంచి రెండు నెలల ముందుదాకా దరఖాస్తు చేసుకోవాలి. ఆలస్యమైతే 180 యూరోలు అదనంగా కట్టించుకోవచ్చు. ఆ వ్యవధిలో తేదీ దొరక్కపోతే తప్పు ఎవరిది? కిటికీ ముందు నిలబడి ఉంటే కనీసం వచ్చాడన్నది నలుగురు చూస్తారు. తెర ముందు కూర్చున్నవాడు అసలు ప్రయత్నమే చెయ్యలేదు అనొచ్చు.

నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. మన దగ్గర యూరియా కోసం ఎరువుల కొట్టు ముందు రైతులు తెల్లారకముందే వచ్చి, నిలబడలేక లైనులో చెప్పులు పెట్టి పక్కన కూర్చుంటారు. ఆ చెప్పుల వరస ఫొటో మర్నాడు పేపర్లో మొదటి పేజీకెక్కుతుంది. మంత్రిగారు జవాబు చెప్పుకోవాలి. లైను అవమానమే, కాదనను. కానీ అది సాక్ష్యం కూడా. బోబిన్యీ లైనుని కెమెరాలు తీసుకెళ్ళి చూపించగలిగారు. తెర మీదకి వెళ్ళాక ఆ లైనుకి ఫొటో లేదు. ఎంతమంది ఎదురుచూస్తున్నారో లెక్క లేదు, ఎందుకంటే తేదీ దొరికేదాకా నువ్వు ఏ లెక్కలోనూ లేవు.

లా సిమాద్ అనే వలసదారుల హక్కుల సంస్థ 2016లో ఈ కనబడని లైనుని కనబడేలా చెయ్యడానికి ఒక పని చేసింది. ప్రెఫెక్చర్ల వెబ్‌సైట్లని మాటిమాటికీ తెరిచి ఖాళీలున్నాయో లేదో చూసే ప్రోగ్రాం ఒకటి నడిపింది. ఎక్కడెక్కడ రోజులు, వారాల తరబడి ఒక్క తేదీ కూడా లేదో బయటపెట్టింది. మరోపక్క బాధితులు కోర్టులకెక్కారు. 2020 జూన్ 10న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కౌన్సెయ్ దెతా ఒక మార్గం చెప్పింది: ఒకే వారంలో కాకుండా వేరువేరు వారాల్లో పలుమార్లు ప్రయత్నించినా తేదీ దొరకలేదని చూపగలిగితే, ఫలానా గడువులోగా అపాయింట్‌మెంట్ ఇమ్మని జడ్జి ప్రెఫెక్చర్‌ని ఆదేశించవచ్చు.

చూపడం అంటే ఎలా? స్క్రీన్‌షాట్లతో. లాయర్లు మొదటి రోజే చెప్తారు: రోజూ సైట్ తెరువు, ఖాళీ లేదన్న పేజీ తేదీతో సహా ఫొటో తీసి దాచు. బూడిదరంగు క్యాలెండర్ల కట్టలు కోర్టు ఫైళ్ళలో చేరాయి. మన చెప్పుల వరస లాంటివే ఇవీ. ప్రెఫెక్చర్‌లో తేదీ కోసం కోర్టులో తేదీ అడగడమన్నమాట. లాయరు ఫీజు కట్టుకోగలిగినవాడికి అదొక కొత్త కిటికీ అయింది. మిగతావాళ్ళకి పాత లైను దళారులే కొత్త రూపంలో కనబడ్డారు. ఇది ఫ్రాన్స్ ఒక్కదానిదే కాదు. స్పెయిన్‌లో ఇదే అపాయింట్‌మెంట్‌ని ‘సీతా ప్రేవియా’ అంటారు, ఉచితం. 2023లో అక్కడి జాతీయ పోలీసులు, బాట్‌లతో ఆ తేదీలన్నీ లాగేసుకుని అమ్ముతున్న ముఠా కేసులో 69 మందిని అరెస్టు చేశారు. అమెరికా వీసా స్లాట్ల కోసం టెలిగ్రాం గ్రూపుల్లో నిద్రకాచిన హైదరాబాదు కుర్రాళ్ళకి ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇక్కడ స్లాటు దొరక్కపోతే ఇంట్లోనే ఉంటాం. అక్కడ దొరక్కపోతే ఉన్న ఇంట్లోనే, ఉన్న ఉద్యోగంలోనే, ఒక పొద్దున లేచేసరికి చట్టవిరుద్ధం అయిపోతాం.

ఆ తరవాత అపాయింట్‌మెంట్ల క్యాలెండర్ కూడా కొంత వెనక్కి తగ్గింది. 2020 నుంచి విద్యార్థులతో మొదలుపెట్టి, దరఖాస్తునే పూర్తిగా ఆన్‌లైన్ చేసే కొత్త వ్యవస్థ వచ్చింది. అందులో లైను ఇంకా లోపలికి పోయింది: ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క మాట వెనక్కి. ఆ మాట అలా ఉండగానే కార్డు తీరిపోయి పనులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పౌరుల ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ దెఫాన్సర్ దె ద్రువా 2024 డిసెంబర్‌లో దీనిమీద ఘాటైన నివేదికే ఇచ్చింది. దానికంటే ముందే, 2022 జూన్ 3న, కౌన్సెయ్ దెతా మరో తీర్పు చెప్పింది. ఆన్‌లైన్ తప్పనిసరి చెయ్యొచ్చు, కానీ చేతకానివాళ్ళకి మనుషుల సాయం ఉండాలి, అప్పటికీ కుదరకపోతే వేరే దారి కూడా ఉండాలి అని. ప్రెఫెక్చర్లలో కంప్యూటరూ, పక్కన సాయానికి ఒక మనిషీ ఉండే చోట్లు ఏర్పాటు చేశారు. వాటిలో కొన్నిటికి వెళ్ళాలంటే ముందుగా ఇంటర్నెట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.