నవకర్మికుడెవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించి చూడు అని కూడా చేర్చి ఉంటే సామెత సంపూర్ణమయ్యేది. కొత్త ఇంటికి ఖాళీ స్థలం చాలు. పాత ఇంటి మరమ్మతు అలా కాదు. పొయ్యి అక్కడే, దేవుడి గూడు అక్కడే, మంచం పట్టిన ముసలివారూ అక్కడే. పని మధ్యలో ఆగిందా, పడుకున్నచోటి నుండి నక్షత్రాలు లెక్కపెట్టుకోవలసిందే.

మా అనకాపల్లిలో పెంకుటిళ్ళు ఒకటొకటిగా డాబాలవుతున్నాయి. "మేష్టారూ, నమ్మకమైన కంట్రాక్టరు ఎవరైనా ఉంటే చెబుదురూ" అని నన్ను అడిగేవారున్నారు. ఇన్నేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పినవాడికి సిమెంటు పాళ్ళు కూడా తెలిసి ఉంటాయని వారి విశ్వాసం కాబోలు! నవ్వి ఊరుకుందామంటే మనసొప్పదు. అడిగేవారి చేతిలో ఉన్నది పదవీ విరమణనాడు వచ్చిన మొత్తమో, అమ్ముకొన్న అర ఎకరం తాలూకు సొమ్మో. అది పోతే మళ్ళీ వచ్చేది కాదు. అందుకని నాకు తెలిసిన దారిన, అంటే పాత పుస్తకాల దారిన, ఈ ప్రశ్నకు సమాధానం వెదికాను. మిత్రులతో పంచుకొందామని ఈ టపా.

బౌద్ధుల వినయపిటకంలో, చుల్లవగ్గలో ఒక కథ ఉంది. వైశాలిలో ఒక పేద దర్జీ. భిక్షువులకు తానూ ఒక విహారం కట్టించాలని అతని కోరిక. తానే మట్టి తొక్కాడు, తానే ఇటుకలు పేర్చాడు, తానే గోడ లేపాడు. పనితనం తెలియనివాడు కనుక గోడ వంకరపోయి కూలింది. రెండవసారీ కూలింది. మూడవసారీ కూలింది. అతనికి దుఃఖమూ కోపమూ కలిగాయి. వస్త్రాలూ భోజనమూ పెట్టగలవారి పనులనే భిక్షువులు దగ్గరుండి చూస్తారు, నావంటి పేదవాడికి చెప్పేవారెవరు అని వాపోయాడు. ఆ మాట బుద్ధుని చెవిన పడింది. అప్పటి నుండి కట్టడపు పనికి ఒక భిక్షువును నియమించవచ్చునని ఆయన అనుమతించాడు. ఆ పని పేరు నవకర్మ. దానిని చూసేవాడు నవకర్మికుడు.

పేరులో 'నవ' ఉన్నంత మాత్రాన ఇది కొత్త కట్టడానికే పరిమితం కాదు. విరిగినదాన్ని, శిథిలమైనదాన్ని బాగుచేయించడం కూడా ఈ నవకర్మికుని బాధ్యతే. పాతదాన్ని మళ్ళీ నవం చేయడమూ నవకర్మే కదా!

ఆ తరువాత వచ్చిన నియమాలు చదివితే ఇవి భిక్షువుల కోసం వ్రాసినవా, మన వీధి కోసం వ్రాసినవా అనిపిస్తుంది. మట్టి మెత్తినంత మాత్రాన, తలుపు నిలబెట్టినంత మాత్రాన దాన్ని నవకర్మగా అప్పగించరాదు. పని పరిమాణం చూసి గడువు పెట్టాలి: చిన్న విహారమైతే 5, 6 సంవత్సరాలు, పెద్ద విహారమో ప్రాసాదమో అయితే 10, 12. యావజ్జీవం ఇవ్వరాదు. ఒకే మనిషికి రెండు పనులు ఇవ్వరాదు. సీమకు వెలుపల ఉండేవాడికి ఇవ్వరాదు. ఒప్పుకొన్నవాడు తన చోట మరొకరిని ఉంచరాదు. మధ్యలో విడిచిపోతే, సంఘానికి నష్టం రాకుండా ఆ పనిని మరొకరికి అప్పగించాలి.

ఇది ఎక్కడో వైశాలి ముచ్చట, మన తెలుగునేలకేమి సంబంధం అనుకోనక్కరలేదు. నవకర్మికుల ప్రస్తావన అమరావతి శాసనాలలో ఉంది. అమరావతి స్తూపం పలుమార్లు పునర్నిర్మాణం పొందినదే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి ఫలకానికి రెండు వైపులా శిల్పమే. ఒక వైపుది క్రీస్తుకు పూర్వపు పని, రెండవది దాన్ని త్రిప్పి కొన్ని శతాబ్దాల తరువాత చెక్కినది.

నాకు అన్నిటికంటె ప్రియమైనది నాగార్జునకొండ శాసనం. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరం, అనగా క్రీ.శ. 3వ శతాబ్దం. బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. ఆమె దానాలు ఆ ఒక్క చోటనే కాదు, నేటి ఘంటసాల అయిన కంటకసోల వరకు ఉన్నాయి. ఇన్ని చోట్ల పనులు సాగుతుంటే అన్నిటి దగ్గరా ఆమె కూర్చోగలదా? శాసనం చివర సమాధానం ఉంది. ఈ నవకర్మను చంద్రముఖ, ధర్మనంది, నాగ అనే ముగ్గురు స్థవిరులు నవకర్మికులుగా ఉండి చేయించారనీ, పని చేసినవాడు విధికుడనే శైలవర్ధకి అనీ చెక్కి ఉంది. సంస్కృత వర్ధకి ప్రాకృతంలో వడ్ఢకి. వినగానే మన వడ్రంగి గుర్తుకు రావడం లేదూ?

డబ్బు పెట్టినవారు ఒకరు, పని చూసినవారు ముగ్గురు, పని చేసినవాడు వేరొకరు. అందరి పేర్లూ రాతి మీద. నేను చెప్పదలచుకొన్నది ఇదే. "నమ్మకస్తుడెవరు?" అని మనం అడుగుతాం. మన పూర్వులు "చూసేవాడెవరు?" అని కూడా అడిగారు. పని చేసేవాడే కొలతలు తీసి, అతడే నాణ్యత చెప్పి, అతడే లెక్క వ్రాసేచోట ఎంత మంచివాడికైనా జారే అవకాశం ఉంటుంది.

శిక్షతో నమ్మకం తెప్పించవచ్చునని తలచినవారూ ఉన్నారు. క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం ప్రకారం, ఇల్లు కూలి యజమాని మరణిస్తే కట్టినవాడికి మరణదండన. గోడ ఉబ్బితే సొంత ఖర్చుతో బాగుచేయాలి. మన కౌటిల్యుడు, చెప్పినదానికి భిన్నంగా పని చేసినవాడికి కూలి పోగొట్టడమే కాక దానికి రెట్టింపు దండుగ వేయమన్నాడు. మంచిదే. కాని గోడ కూలిన తరువాత వచ్చే న్యాయం కంటె, కూలకముందు ప్రక్కన నిలిచే మనిషి మేలు.

మా ఊరి ప్రక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపిన చోటు. అక్కడి ప్రధాన స్తూపం లోపలి భాగం కొండరాయి, పైతొడుగు ఇటుక. ఈనాడు ఇటుక చాలా వరకు రాలి లోపలి రాయి కనబడుతుంది. ఇంటిపనిలోనూ ఇటువంటి భేదం ఉంది. రంగు, పలకరాళ్ళు పైతొడుగు. శ్లాబులోని చువ్వలు, గోడలోని గొట్టాలు లోపలి రాయి. పైతొడుగును ఎప్పుడైనా చూడవచ్చు. లోపలిదాన్ని మూయకముందే చూడాలి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఇంటిపని ఒప్పుకొన్నతను అదే సమయంలో మరి రెండిళ్ళు కూడా ఒప్పుకొన్నాడు. జ్యేష్ఠంలో పెంకులు దించాడు, వాన మొదలయ్యే వేళకు మనిషి కనబడలేదు. ఆవిడ టార్పాలిన్ క్రింద కొన్నాళ్ళు ఉండి, చివరికి చెల్లెలి ఇల్లు చేరింది. ఒకే మనిషికి రెండు పనులు ఇవ్వరాదన్న నియమం ఎందుకు పుట్టిందో నాకు ఆ ముంగిట నిలబడితే అర్థమైంది.

మా ఇంటి వంతు వచ్చినప్పుడు, పని మానేసిన ఒక వృద్ధ తాపీ మేస్త్రీని రోజుకూలి ఇచ్చి నవకర్మికునిగా పెట్టుకొన్నాను. శ్లాబు పోయకముందు చువ్వలు లెక్కపెట్టింది ఆయన. ఎన్నాళ్ళు తడపాలో కంట్రాక్టరుకు గుర్తుచేసింది ఆయన. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు అని ప్రమాణం. పునాది, గోడ, శ్లాబు, పూత అని దశలు వ్రాసుకొని, ఏ దశ ముగిస్తే ఆ దశకే సొమ్ము ఇచ్చాము. కంట్రాక్టరు నొచ్చుకోలేదు సరికదా, పేచీ లేకుండా డబ్బు అందుతోందని సంతోషించాడు.

కాగితం కూడా ముఖ్యమే. 1993లో చేసిన సవరణతో గృహనిర్మాణం వినియోగదారుల చట్టంలో 'సేవ'గా చేరింది. 2019 నాటి కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. రసీదు ఉంటే అడిగే హక్కుకు బలం ఉంటుంది.

ఇంకొక్క మాట. బోధిసిరి శాసనంలో చూసినవారి పేర్లతో పాటు విధికుని పేరూ ఉంది. అది అనుమానానికి చెక్కిన పేరు కాదు, గౌరవానికి చెక్కినది. గృహప్రవేశంనాడు మేస్త్రీకీ వడ్రంగికీ బట్టలు పెట్టే ఆచారం మనకింకా ఉంది. ఆ బట్టలతో పాటు గుమ్మం ప్రక్కన ఒక చిన్న రాయి మీద వారి పేర్లు కూడా చెక్కిస్తే బాగుండును. పదేళ్ళ తరువాత కూడా తన పేరు కనబడుతుందని తెలిసినవాడు గోడను వంకరగా లేపుతాడా?