వేసవి పిక్నిక్‌కు వెళ్తున్నారా? పార్కుతో పాటు పార్సిల్ విషయంలోనూ జాగ్రత్త!

కొండకల్, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఉంటున్నారా? పిక్నిక్ కోసం మీరు సిటీలోకి వెళ్లాల్సిన పనిలేదు.

ఎక్కడికి వెళ్లొచ్చు?
చెట్ల నీడలో నడవాలనుకుంటే చిలుకూరులోని మృగవని జాతీయ పార్కు బాగుంటుంది. 1994లో ఏర్పాటైన ఈ అడవిలో జింకలు, నెమళ్లు ఉంటాయి. వాటికి తినుబండారాలు పెట్టొద్దు. చిన్నపిల్లలుంటే గండిపేట ఒడ్డున హెచ్‌ఎండీఏ 2022లో తెరిచిన పార్కు అనువుగా ఉంటుంది. గండిపేట తాగునీటి జలాశయం కాబట్టి నీటిలోకి దిగొద్దు, ప్లేట్లు కడగొద్దు.

ఎప్పుడు?
మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య ఎండలో ఉండొద్దు. ఉదయమే వెళ్లడం మేలు.

ఫుడ్ ఎక్కడ కొనాలి?
షాపులో 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందో లేదో చూడండి. పార్కుకు దగ్గర్లోనే, వేడివేడిగా కొనండి. ఎండ 32 డిగ్రీలు దాటితే బిర్యానీ, చికెన్ వంటివి గంటలోపే తినేయాలి. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ జోలికి వెళ్లొద్దు. ఫుడ్ పాయిజనింగ్ కేసుల వల్లే 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఇంటి నుంచి తీసుకెళ్లాలనుకుంటే పులిహోర మంచిది.

తేడా వస్తే?
బిల్లు దాచుకోండి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వాంతులు, విరేచనాలు ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.