ప్రొద్దుటూరు లయ: 'శివతాండవం' పుట్టుక, ప్రస్థానం

తెలుగులో కొన్ని కావ్యాలను చదివినవాళ్లకంటే విన్నవాళ్లే ఎక్కువ. పుట్టపర్తి నారాయణాచార్యుల 'శివతాండవం' వాటిలో ముందు వరుసలో నిలుస్తుంది. చూస్తే చిన్న గేయకావ్యం. కడప జిల్లా ప్రొద్దుటూరులో ఒక తెలుగు ఉపాధ్యాయుడు కట్టిన పాట. ఏ మహాకావ్యానికీ తేలిగ్గా దక్కని జనాదరణ దీనికి దక్కింది. అది ఎలా సాధ్యమైందో తెలియాలంటే ఆ ఊరినీ, ఆ కవినీ, ఆ లయనూ కలిపి చూడాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ప్రొద్దుటూరుకు పత్తి, బంగారం వ్యాపారాల వల్ల ఎంత పేరు వచ్చిందో పద్యం వల్లా అంతే వచ్చింది. 1888లో జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, అదే తాలూకా నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకటశేషశాస్త్రి పెన్నా ఒడ్డునున్న ఈ ఊళ్లోనే స్థిరపడ్డారు. ఇద్దరూ జంటకవులుగా అవధానాలు చేశారు. దుర్భాకవారు 'రాణాప్రతాపసింహ చరిత్ర' రాస్తే, గడియారంవారు శివాజీ కథను 'శ్రీశివభారతం'గా మలిచారు. పరాయి పాలనలో ఉన్న జనానికి ధైర్యం నూరిపోయడానికి ఇద్దరూ వీరుల కథలనే ఎంచుకున్నారు, వృత్తపద్యాలనే నమ్ముకున్నారు. తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని ఆ అవధాన విద్యను నిలబెట్టారు. ప్రొద్దుటూరులో కవి అంటే పద్యం చెప్పేవాడే. అలాంటి చోట పద్యాన్ని పక్కనపెట్టి, తాళానికి అడుగులేసే మాత్రా గేయంతో ఒక కావ్యం నడపడం సాహసమే.

ఆ సాహసానికి కావలసిన సరంజామా నారాయణాచార్యులకు చిన్నప్పుడే సమకూరింది. ఆయన 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో, శ్రీవైష్ణవ పండిత వంశంలో పుట్టారు. విజయనగర రాజుల రెండో రాజధానిగా వెలిగిన పెనుకొండలో పెరిగారు. అక్కడే సంస్కృతం, సంగీతంతో పాటు నాట్యమూ నేర్చుకున్నారు. నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. చిన్న వయసులోనే రాసిన 'పెనుగొండలక్ష్మి' కావ్యం తర్వాతి కాలంలో విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. తాను రాసిన పుస్తకాన్ని తానే చదివి పరీక్ష రాయాల్సి వచ్చింది. పద్యం ఆయనకు చేతకాకపోవడమన్న ప్రశ్నే లేదు. గేయాన్ని ఆయన కోరి ఎంచుకున్నారు.

శివతాండవం పుట్టిన చోటు ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయం. ఆ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఆయన ఈ గేయాన్ని కట్టుకున్నారని సాహిత్యలోకం చెప్పుకుంటూ వస్తోంది. కావ్యాన్ని వింటే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. కూర్చుని రాసిన కవిత్వంలో ఊపిరి ఒక తీరుగా ఉంటుంది, నడుస్తూ కట్టిన కవిత్వంలో ఇంకో తీరుగా ఉంటుంది. శివతాండవంలో పాదం విరిగే ప్రతిచోటా కాలు నేలకు తగులుతున్నట్టే ఉంటుంది. కవికి నాట్యం వచ్చు కాబట్టి తాళం ఆయనకు లెక్కగా తెలియడమే కాదు, ఒంటికీ తెలుసు.

ఈ లయ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మాత్రల లెక్క మీద నడిచే రగడలు తెలుగులో ఏనాటి నుంచో ఉన్నాయి. మూడు మాత్రల గణాలతో హయప్రచార రగడ గుర్రంలా పరుగెత్తుతుంది. నాలుగు మాత్రలతో మధురగతి సాఫీగా సాగుతుంది. ఐదు మాత్రల ద్విరదగతి ఏనుగు నడకను తలపిస్తుంది. మూడూ నాలుగూ కలిస్తే వృషభగతి. శివకవులు ఈ దేశి ఛందస్సులను ప్రేమగా వాడుకున్నారు. యక్షగానాలు వాటినే దరువులుగా ఆడించాయి. కడప జిల్లాలోనే, తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య ఆ దేశి నడకలను సంకీర్తనల్లోకి తెచ్చాడు. పల్లెల్లో చెక్కభజన బృందాలు అడుగు మార్చి, వరుస మార్చి, రామాయణ భారత కథలను అదే లయలో పాడాయి. 1910లో గురజాడ ముత్యాల సరాలతో మాత్రా ఛందస్సుకు కొత్త గౌరవం తెచ్చారు. శ్రీశ్రీ దానికి ఉద్యమపు వేగం ఇచ్చారు. కోస్తా కవులు గేయాన్ని ఆధునికత వైపు నడిపిస్తే, పుట్టపర్తి దాన్ని వెనక్కి, గుడి ప్రాకారంలోకి, నటరాజు ముందుకు తీసుకెళ్లారు. అందుకే శివతాండవం ఒకే సమయంలో చాలా పాతదిగానూ చాలా కొత్తదిగానూ వినిపిస్తుంది.

కావ్య నిర్మాణం సరళం. సంధ్యవేళ ప్రకృతి అంతా ఎదురుచూపుతో కదులుతుంది. తర్వాత శివుడి ఆట మొదలవుతుంది. అక్కడ సంయుక్తాక్షరాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి, జతులు మాటల్లో కలిసిపోతాయి, నాట్యశాస్త్రపు భంగిమలు వరుసకడతాయి. ఆ ఉద్ధతి తర్వాత పార్వతి లాస్యం వస్తుంది. అక్షరాలు మెత్తబడతాయి, నడక నెమ్మదిస్తుంది. చివరికి శివకేశవులు ఒక్కరేనన్న భావం దగ్గర కావ్యం ఆగుతుంది. శ్రీవైష్ణవ వంశంలో పుట్టిన కవి శివుడి ఆటను ఇంత తన్మయంగా పాడి, ఆ అభేదాన్ని ముగింపుగా నిలపడం చిన్న విషయం కాదు. అది తిక్కన హరిహరనాథ తత్త్వానికి ఆధునిక కాలపు కొనసాగింపు.

గేయం కడప జిల్లాలోనే ఇంకో దారీ పట్టింది. పులివెందుల ప్రాంతం అంకాళమ్మగూడూరు నుంచి వచ్చిన గజ్జెల మల్లారెడ్డి మాత్రా గేయాన్ని రాజకీయ వ్యంగ్యానికి పదునైన ఆయుధం చేశారు. అదే ప్రాంతం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో 'సంవేదన' పత్రిక తెచ్చి, కవిత్వాన్ని జీవితంతో బేరీజు వేసే మార్క్సిస్టు విమర్శను నిలబెట్టారు. భక్తి లయ ఒక పక్క, సామాజిక స్పృహ ఇంకో పక్క సాగిన ఆ రోజుల్లో శివతాండవాన్ని ఉత్త శబ్దాడంబరంగా తీసిపారేయడం తేలికే. కానీ శబ్దమే ఈ కావ్యానికి అర్థం. నాట్యాన్ని వర్ణించే మాట తానే నాట్యం చేయకపోతే ఆ వర్ణన చచ్చుపడుతుంది. ఈ ఒక్క విషయం ఒప్పుకుంటే ఇందులోని ఒక్క అక్షరాన్నీ అదనమని తీసేయలేం.

ఈ కావ్యాన్ని జనంలోకి తీసుకెళ్లింది ముందుగా కవి గొంతే. ఆయన సభల్లో దీన్ని లయబద్ధంగా పాడి వినిపించేవారు. అది విని పరవశించిన విశ్వనాథ సత్యనారాయణ ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారన్న కథ ఇప్పటికీ సాహితీపరులు చెప్పుకుంటారు. రిషీకేశ్‌లో స్వామి శివానంద సరస్వతి ఇచ్చిన 'సరస్వతీపుత్ర' బిరుదు ఆయన పేరు ముందు స్థిరపడిపోయింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. పద్నాలుగు భాషలు వచ్చిన పండితుడు, 'జనప్రియ రామాయణం' రాసిన కవి, విశ్వనాథ 'ఏకవీర'ను మలయాళంలోకి అనువదించిన రచయిత అయినా, సభకు వచ్చిన జనం మొదట అడిగేది శివతాండవమే. ఒక్క రచనకు దక్కిన కీర్తి మిగతా కృషికి నీడ కావడం ఆయన విషయంలో నిజంగా జరిగింది. 1990 సెప్టెంబరు 1న ఆయన కన్నుమూశారు.

కవి పోయాక కూడా పాట ఆగలేదు. నర్తకులు దీన్ని వేదికల మీద ఆడారు. పిల్లలు పోటీల్లో కంఠస్థంగా అప్పజెప్పారు. పాఠశాల తెలుగు వాచకంలో ఇది పాఠమైంది. ఆయన గొంతులోనే రికార్డయిన పఠనం ఇప్పుడు ఎవరి ఫోన్లోనైనా వినొచ్చు. అయితే పాఠం కావడంలో ఒక ప్రమాదం ఉంది. ప్రతిపదార్థం, సారాంశం, పర్యాయపదాల మధ్య ఇది మౌనంగా చదివే పాఠంగా మారిపోతే, లయ పోతుంది. లయ పోయిన శివతాండవంలో మిగిలేది కఠిన పదాల పట్టికే.

నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు రాయలసీమ తెలుగు కవిత్వానికి ఇచ్చిన అత్యుత్తమ నాద సృష్టి శివతాండవం. అవధాన పద్యం రాజ్యమేలిన ఊళ్లో ఇది పుట్టింది. పండితుల మెప్పు పొందింది, పండితులు కానివాళ్లకూ నచ్చింది. దీన్ని కాపాడుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కడప జిల్లా తెలుగు ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పే రోజున ముందుగా కవి గొంతు వినిపించాలి, తర్వాత పిల్లలచేత తాళం వేయిస్తూ గొంతెత్తి చదివించాలి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, యోగి వేమన విశ్వవిద్యాలయం కలిసి ఆయన పఠనాలు, ప్రసంగాలు ఎక్కడున్నా సేకరించి, శుభ్రపరిచి, అందరికీ అందుబాటులో పెట్టాలి. పుస్తకం ఎలాగూ అచ్చులో ఉంటుంది. భద్రపరచాల్సింది ఆ గొంతునే.