విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం: పుట్టుక, పరిణామం, వినియోగం

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల చరిత్ర అనగానే మనకు వైస్ ఛాన్సలర్లు, భవనాలు, పాఠ్యప్రణాళికలు, విద్యార్థి ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. ప్రాంగణంలో ఒక మూల రెండు మూడు గదుల్లో నడిచే ఆరోగ్య కేంద్రం చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. అయితే విశ్వవిద్యాలయం తన విద్యార్థిని ఏ దృష్టితో చూస్తున్నదో తెలుసుకోవడానికి ఆ గదులు మంచి ఆధారం. విద్యార్థి అంటే హాల్ టికెట్ నంబరేనా, లేక జ్వరం, ఆకలి, దిగులు ఉన్న మనిషా? ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. 1980ల తొలినాళ్లలో నేను ఎం.ఏ. చదువుతున్నప్పుడు, హాస్టల్ గదిలో నాతో ఉండే మిత్రుడికి అన్నం సహించకుండా పోయింది. వేడి చేసిందనుకుని పది రోజులు మజ్జిగతో గడిపాడు. కళ్లు పచ్చబడ్డాక ఊరికి వెళ్లి పసరు మందు తాగాడు. ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయాడు. అదే నెలలో మా వరుస గదుల్లో మరో ముగ్గురికి కామెర్లు వచ్చాయి. అప్పుడుగాని మంచినీళ్ల ట్యాంకును ఎవరూ తెరిచి చూడలేదు. హాస్టల్‌కు ఫర్లాంగు దూరంలోనే డిస్పెన్సరీ ఉంది. హాజరు తక్కువైనవాళ్లకు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చే చోటుగానే అది మాకు తెలుసు. చాలా రోజుల తర్వాత పాత ఫీజు రసీదు చూస్తే, అందులో వైద్య రుసుము అనే పద్దు కనిపించింది. మేము డబ్బు కట్టి కూడా వాడుకోని సేవ అది. ఆ పద్దు రసీదులోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే నూట అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2. అమెరికాలో తొలి ప్రయత్నాలు

విద్యార్థుల ఆరోగ్యం కళాశాల బాధ్యత అన్న ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చిన తొలి సంస్థగా అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కళాశాలను చరిత్రకారులు పేర్కొంటారు. చదువు ఒత్తిడిలో విద్యార్థుల ఆరోగ్యం దెబ్బతింటున్నదని ఆ కళాశాల అధ్యక్షుడు విలియం స్టెర్న్స్ ఆందోళన చెందాడు. ఫలితంగా ఆరోగ్య శాస్త్రం, వ్యాయామ విద్యలకు ఒక విభాగం ఏర్పడింది. 1861లో వైద్యుడైన ఎడ్వర్డ్ హిచ్‌కాక్ దాని బాధ్యత చేపట్టి, 1911లో మరణించే వరకు సుమారు యాభై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాడు. విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు తీసి నమోదు చేసేవాడు. వ్యాయామం తప్పనిసరి చేశాడు. జబ్బు పడ్డవాడికి మందు ఇవ్వడంతో సరిపెట్టకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే విద్యార్థిని పరీక్షించడం ఇక్కడి విశేషం.

రెండవ పాఠం విషాదం నుంచి వచ్చింది. 1903 ఆరంభంలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న ఇథాకా పట్టణంలో టైఫాయిడ్ వ్యాపించింది. ఒక ప్రైవేటు కంపెనీ సరఫరా చేసిన, వడపోత లేని నీరు ఇందుకు కారణం. మరణించిన 80 మందికి పైగా పట్టణవాసుల్లో 29 మంది కార్నెల్ విద్యార్థులు. అప్పటికే విశ్వవిద్యాలయానికి ఒక చికిత్సాలయం ఉంది. కాని నీరు కలుషితమైనప్పుడు పడకలు, మందులు మాత్రమే విద్యార్థులను కాపాడలేకపోయాయి. పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ విద్యార్థుల వైద్య ఖర్చులు భరించడంతో పాటు ప్రాంగణంలో నీటి వడపోత కేంద్రానికి కూడా ధనసహాయం చేశాడు. తాగే నీరు, వంటగది, మురుగు కాలువ కూడా విద్యార్థి ఆరోగ్యంలో భాగమని ఈ సంఘటన నిరూపించింది. మా హాస్టల్ ట్యాంకు నేర్పిన పాఠం కూడా ఇదే.

మూడవ మెట్టు ఆర్థికమైనది. 1906లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, విద్యార్థులందరి నుంచి కొద్దిపాటి రుసుము ముందుగానే వసూలు చేసి, జబ్బు పడ్డవారికి సమగ్ర వైద్యం అందించే పద్ధతిని ప్రారంభించింది. దీనికి నాయకత్వం వహించినవాడు డాక్టర్ జార్జ్ రైన్‌హార్ట్. ఆరోగ్యవంతుడు కట్టిన సొమ్ము రోగికి ఉపయోగపడుతుంది. రేపు ఆ ఆరోగ్యవంతుడే రోగి కావచ్చు. నా రసీదులోని వైద్య రుసుము వెనుక ఉన్న సూత్రం ఇదే.

1910లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక సేవ మొదలైంది. 1920లో ఇలాంటి కేంద్రాలన్నీ కలిసి జాతీయ స్థాయి సంఘంగా ఏర్పడ్డాయి. అరవై ఏళ్లలో ఒక కళాశాల ప్రయోగం దేశవ్యాప్త వ్యవస్థగా మారింది.

3. భారతదేశంలో పరిణామం

మన దేశంలో ఈ ఆలోచన ఆలస్యంగా రావడానికి చారిత్రక కారణం ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో స్థాపించిన విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అవి పాఠాలు చెప్పలేదు. కళాశాలలకు గుర్తింపు ఇచ్చి, పరీక్షలు జరిపి, పట్టాలు ప్రదానం చేశాయి. విద్యార్థిని పరీక్ష హాలులో తప్ప మరెక్కడా చూడని సంస్థకు అతడు ఎక్కడ ఉంటున్నాడో, ఏం తింటున్నాడో తెలుసుకునే అవసరం కలగలేదు.

ఈ స్థితిని మార్చే దిశలో తొలి అడుగు 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం. అనుబంధ గుర్తింపు కోరే కళాశాల, తల్లిదండ్రులకు దూరంగా ఉన్న విద్యార్థుల నివాసానికి, పర్యవేక్షణకు, శారీరక సంక్షేమానికి ఏర్పాట్లు చూపాలని ఆ చట్టం నిర్దేశించింది. శాడ్లర్ అధ్యక్షతన 1917-19 మధ్య పనిచేసిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ కూడా విద్యార్థుల ఆరోగ్యంపై దృష్టి పెట్టింది. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం విద్యార్థి సంక్షేమ పథకం కింద ఆరోగ్య పరీక్షలు చేపట్టింది.

స్వాతంత్ర్యానంతరం ఈ విషయాన్ని సమగ్రంగా చర్చించినది 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931-36 మధ్య ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. సభ్యులలో ఒకరైన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ కర్నూలులో జన్మించిన ప్రముఖ వైద్యుడు, అప్పటి మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్. ఈ కమిషన్ సూచనలలో ముఖ్యమైనవి: ప్రవేశ సమయంలోను, తర్వాత ఏటా కనీసం ఒకసారి ఉచిత ఆరోగ్య పరీక్ష, విద్యార్థులకు తగిన వైద్య సదుపాయం, వసతి గృహాలు, వంటశాలలు, భోజనశాలల పారిశుధ్య తనిఖీ. ఆమ్‌హర్స్ట్, ఇథాకా నేర్పిన పాఠాలు రెండూ ఇందులో ఉన్నాయని గమనించండి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ మరొక అడుగు వేసి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అమలులో ఉన్న చందా ఆధారిత వైద్య పథకం వంటిది విద్యార్థులకు కూడా సాధ్యమేమో పరిశీలించాలని సూచించింది. అంటే బర్కిలీ సూత్రం కూడా మన చర్చలోకి వచ్చింది.

ఇదే కాలంలో వైద్యశాస్త్రం కూడా మారింది. క్షయ సోకిన విద్యార్థి చదువు మానేసి శానటోరియంలో నెలల తరబడి ఉండవలసి వచ్చేది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం అలాంటి ప్రసిద్ధ చికిత్సా కేంద్రం. మద్రాసులో జరిగిన పరిశోధన ఫలితాలు 1959లో వెలువడ్డాయి. మందులు క్రమం తప్పకుండా వాడితే ఇంటి దగ్గర చికిత్స కూడా శానటోరియం చికిత్స అంత బాగా పనిచేస్తుందని అవి నిరూపించాయి. దీనితో చికిత్స భారం పెద్ద ఆసుపత్రుల నుంచి స్థానిక కేంద్రాల వైపు మళ్లింది. త్వరగా గుర్తించడం, మందులు మానకుండా చూడడం చిన్న డిస్పెన్సరీ కూడా చేయగల పనులు.

4. కేంద్రాన్ని వినియోగించుకోవడం

చరిత్ర ఎంత గొప్పదైనా, వాడుకోని కేంద్రం వల్ల ప్రయోజనం లేదు. మీలో కొందరు రేపు ఉన్నత చదువులకు ప్రాంగణ విశ్వవిద్యాలయంలో చేరతారు. అక్కడ ఈ విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, చేరిన వారంలోనే కేంద్రం ఎక్కడుందో, ఏ వేళల్లో పనిచేస్తుందో, రాత్రి వేళ ఎవరిని పిలవాలో తెలుసుకోవాలి. గుర్తింపు కార్డు చూపి పేరు నమోదు చేయించుకోవాలి. రెండవది, పాత జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందుల వివరాలు దాచకుండా చెప్పాలి. మూడవది, ఆరోగ్య కేంద్రం ఆసుపత్రి కాదు. అది మొదటి మెట్టు. పెద్ద ఆసుపత్రికి పంపవలసి వస్తే అక్కడ ఇచ్చే సిఫారసు పత్రం తప్పక తీసుకోవాలి. నాలుగవది, గదిలో ఇద్దరికి ఒకే జబ్బు వస్తే అది మీ సొంత విషయం కాదు. వెంటనే తెలియజేస్తే మిగతావారు బయటపడతారు.

ఐదవది మనసుకు సంబంధించినది. నిద్ర పట్టకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, బతకాలనిపించకపోవడం కూడా డాక్టరుకు చెప్పదగిన విషయాలే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందే వ్యక్తికి తన వివరాలు గోప్యంగా ఉంచాలని కోరే హక్కు ఉంది. 'నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో' అన్న భయంతో ఆలస్యం చేయకూడదు.

5. దూరవిద్య విద్యార్థి సంగతి

ఇక్కడ మీకు సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. 'మాకు హాస్టల్ లేదు, ప్రాంగణం లేదు. పగలు పొలంలోనో, దుకాణంలోనో పనిచేసి రాత్రి చదువుకుంటాం. ఈ చరిత్రతో మాకేమి పని?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1982లో మన రాష్ట్రంలో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడి, చదువును ఇంటి గడప దాకా తెచ్చింది. ఆరోగ్య కేంద్రం మాత్రం ప్రాంగణం దగ్గరే ఆగిపోయింది. ఒక రకంగా దూరవిద్య విద్యార్థి 1857 నాటి విద్యార్థి లాంటివాడే. విశ్వవిద్యాలయం అతడిని ఎక్కువగా పరీక్ష హాలులోనే చూస్తుంది. ఈ లోటును గుర్తించడం, అధ్యయన కేంద్రాల్లో ఏటా ఒక ఆరోగ్య పరీక్ష అయినా జరపాలని అడగడం తప్పు కాదు. రాధాకృష్ణన్ కమిషన్ ఆ సూచన చేసి డెబ్బై ఐదేళ్లు దాటింది.

అంతవరకు మీ ఊరి ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్టణంలో ఉంటే పట్టణ ఆరోగ్య కేంద్రం మీ ఆరోగ్య కేంద్రాలు. వాటికయ్యే ఖర్చు ప్రజలందరూ కట్టే పన్నుల నుంచే వస్తుంది. కాబట్టి అక్కడికి వెళ్లడం ఒకరి దయ మీద ఆధారపడడం కాదు. మానసిక ఇబ్బందులకు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే పొందవచ్చు. ప్రైవేటుగా గది అద్దెకు తీసుకుని చదివే ప్రతి విద్యార్థీ ఈ నంబరును గోడ మీద రాసుకోవాలని నా సలహా.

నా మిత్రుడు మరుసటి ఏడాది పరీక్షలు రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ఒక సంవత్సరం మాత్రమే పోయింది కదా అని మేము అనుకున్నాం. కాని ఆ ఏడాది ఫీజు కోసం వాళ్ల నాన్న పాడి గేదెను అమ్మాడని నాకు తర్వాత తెలిసింది. మా హాస్టల్ నుంచి డిస్పెన్సరీకి నడిచి వెళ్లడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

6. సారాంశం

విద్యార్థి ఆరోగ్య కేంద్రం వెనుక మూడు సూత్రాలున్నాయి. జబ్బు రాకముందే పరీక్షించడం, పరిసరాలను శుభ్రంగా ఉంచడం, ఖర్చును అందరూ పంచుకోవడం. మన దేశంలో విశ్వవిద్యాలయం పరీక్షల సంస్థగా మొదలవడం వల్ల ఈ బాధ్యత ఆలస్యంగా గుర్తింపు పొందింది. దూరవిద్యలో అది ఇంకా పూర్తి కావలసి ఉంది.

7. మాదిరి ప్రశ్నలు

అ) ఇథాకా టైఫాయిడ్ సంఘటన విద్యార్థి ఆరోగ్యంపై దృక్పథాన్ని ఎలా విస్తరింపజేసింది?
ఆ) 1857 నాటి విశ్వవిద్యాలయాల స్వభావానికి, విద్యార్థి ఆరోగ్య సేవల ఆలస్యానికి గల సంబంధాన్ని వివరించండి.
ఇ) రాధాకృష్ణన్ కమిషన్ సూచనలలో మీ అధ్యయన కేంద్రంలో అమలు చేయదగినవి ఏవి? కారణాలతో రాయండి.