కొడుకు లేని యింటి కూతురు

ఒక యింట మగబిడ్డ లేడు. ఒక్కతే కూతురు. తండ్రి గతించినాడు. ఆ పొలము, ఆ యిల్లు ఎవరివి? ఆ పిల్ల బ్రతు కెవరి చేతిలోనిది? ఒక సంఘము స్త్రీని ఎట్లు చూచినదో తెలియవలెనన్న, ఆమెకు పెట్టిన నగలను గాక, ఈ ప్రశ్నకు చెప్పిన బదులును చూడవలెనని నా తలంపు. గ్రీకుల ఏథెన్సు నగరమును, మన దేశమును దీనికి చెప్పిన బదులులను మనవి చేసెదను.

క్రీ. పూ. 5, 4 శతాబ్దులలో ఏథెన్సువా రిట్టి పిల్లను ‘ఎపిక్లేరోస్’ అనిరి. ఆస్తితో ముడిపడినది యని భావము. ఆమెను పెండ్లాడు హక్కు తండ్రివైపు దగ్గరి జ్ఞాతిది. ఆ వరుసలో మొదటివాడు తండ్రి తోడబుట్టినవాడే! మనకు వినుటకే వెగటు. పలువురు పోటీపడినచో న్యాయస్థానము తేల్చెడిది. అంతకుముందే భార్య యున్నవాడు ఆమెను విడిచి యీ పిల్లను కట్టుకొనుటయు కలదు. ఆస్తి భర్తది కాదు, ఆమెదియు కాదు. ఆమె కొడుకులు ఈడేరినపుడు వారిది. ఆశపోతులు పెండ్లాడి పిల్లను విడిచిపెట్టుదురని కాబోలు, భర్త నెలకు మూడు సారులైన ఆమెను చేరవలెనని సోలోను శాసించినట్లు ప్లూటార్కు వ్రాసినాడు. శాసనముచే నడిపింపవలసిన కాపుర మెట్టిదో మీరే యూహింపుడు.

మనవారికి పొలముకన్న పిండము ముఖ్యము. కూతురికి పుట్టిన కొడుకు తనకు శ్రాద్ధము పెట్టునట్లు ఏర్పరచుకొని, తండ్రి ఆమెను ‘పుత్రిక’గా చేసికొనవచ్చునని మనువు చెప్పెను. తండ్రికి నిశ్చింతయే. కాని కొడుకు మామగారి వంశమునకు పోవునను భయముచే, సోదరులు లేని కన్యను పెండ్లాడవలదనియు ఆ స్మృతియే చెప్పినది. చిక్కు పిల్లకు వచ్చినది. మేము గురువుగారియొద్ద ఈ ఘట్టమును చదువునపుడు పిండ మెవరికి చేరునను చర్చ గంటలకొలది సాగెడిది. ఆ పిల్ల మాట ఎవ్వరమును ఎత్తి యెరుగము.

తరువాత యాజ్ఞవల్క్యుడు, పుత్రహీనుని ధనమునకు మొదట భార్య, పిమ్మట కూతుండ్రు అని వరుస చెప్పెను. ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దానిని స్థిరపరచెను. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును తెనిగించెను. ఏథెన్సులో బిడ్డలు లేని విధవ కట్నముతో పుట్టింటికి మరలవలసినదే. ఈ యెడ మనవారిది మేలు. మన పల్లెల ఇల్లరికమును మీరెరుగుదురు. అందు కదలివచ్చువాడు మగవాడు. పిల్ల తల్లి చెంతనే యుండును. అయినను స్త్రీకి వచ్చిన ఆస్తి పూర్తిగా ఆమె సొంతమని చట్టము చెప్పుటకు 1956 వరకు ఆగవలసి వచ్చెను.

ఏథెన్సును చూచి గ్రీకులందరు నట్టివారే యనుకొనరాదు. క్రీటు దీవిలో గోర్టిన్ అను పట్టణము కలదు. క్రీ. పూ. 450 ప్రాంతమున అచ్చటి గోడరాళ్ళపై చెక్కిన ధర్మములు 1884లో బయల్పడెను. అచ్చటను పిల్లపై మొదటి హక్కు జ్ఞాతిదే. కాని ఈడు వచ్చిన పిల్ల అతనిని వలదనవచ్చును. అపుడు పట్టణములోని యిల్లు ఆమెకే. తక్కినదానిలో సగము ఆమెది, మిగిలినది ఆ జ్ఞాతిది. పిమ్మట తన తెగలో తన్నడిగినవారిలో తాను మెచ్చినవానిని పెండ్లాడవచ్చును. వెల పెద్దదే. అయినను ఆ పిల్ల యిష్టమేమో అడిగిన మాట ఆ రాతిమీద నున్నది.